కట్టుటయు, చెల్లించుటయు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పుదురు. ఒక గృహస్థుడు నాలుగు గదుల యిల్లు కట్టింపబూనినపుడే మేస్త్రీతో తగవులు, కలప వర్తకునితో లెక్కలు, పొరుగువానితో సరిహద్దు వివాదములు, తుదకు అంచనాకు మించిన వ్యయము కలుగుట మన మెరిగినదే. ఇక కోట్లాది ప్రజల యుమ్మడి యిల్లగు దేశమునకు ఆనకట్టలును, వంతెనలును, సొరంగములును కట్టవలసి వచ్చినపుడు ఆ చిక్కులెంతటివో చెప్పనక్కరలేదు. రాజమహేంద్రవరమునుండి కొవ్వూరునకు రైలులో పోవువారు గోదావరిపై వరుసగా నిలిచిన కాంక్రీటు విల్లులను చూచి ముచ్చటపడుదురు. ఆ విల్లులను వంచినవారెవరు? వారెచట ఆ విద్య నేర్చిరి? వారికి కూలి యెట్లు ముట్టుచున్నది? ఈ ప్రశ్నలు వేయువారరుదు. నేడు మేము వానినే విచారింపదలచితిమి.

ఆ వంతెనను కట్టినది హిందూస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ. 1926వ సంవత్సరము జనవరి 27వ తేదీన బొంబాయిలో సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన సంస్థ యిది. ఇంచుమించు నూరేండ్ల యాయువుగల యీ కంపెనీకి స్తోత్రపాఠము చదువుట మా యుద్దేశము కాదు. ధనము గడించుటకై యేర్పడిన కంపెనీలకు భట్రాజుల కొరత యెన్నడును లేదు. కాని దీని చరిత్రను పరిశీలించినచో మనదేశము నిర్మాణవిద్యలో ఎంత యెదిగినదో, నిర్మాణధర్మములో ఎంత వెనుకబడినదో రెండును ఒక్కచోట గోచరించును. కట్టుట మనము నేర్చితిమి. కట్టినవానికి వేళకు చెల్లించుట మనమింకను నేర్వలేదు. ఈ లోపము ఒక కంపెనీ కష్టనష్టములతో పోవునది కాదు. మన పొలములకు రావలసిన నీటిని, మన పిల్లలు నడువవలసిన మార్గములను అది ఆపుచున్నది.

పూర్వస్థితిని కొంత జ్ఞప్తికి తెచ్చుకొందము. ధవళేశ్వరము ఆనకట్టను 1847–1852 సంవత్సరముల నడుమ ఆర్థర్ కాటన్ దొర పర్యవేక్షణమున ప్రభుత్వము తానే కట్టించెను. గోదావరిపై మొదటి రైలువంతెన 1900లో తెరువబడినది. ఈ పనులకు చెమటోడ్చినవారు మన కూలీలు, మన వడ్రంగులు, మన రాతిపనివారు. కాని ఆలోచనయు, అధికారమును, పెద్ద గుత్తల లాభమును పరదేశీయుల వశమున నుండెను. భారతీయుడు మట్టి మోయించు చిల్లర గుత్తదారుగానో, మేస్త్రీగానో మిగిలెను. ఇంతటి పనుల బాధ్యత నల్లవారు వహింపజాలరను భావము అధికారులలో నాటుకొని యుండెను. స్వదేశీయుద్యమము నూలువడుకుటతోనే సరిపుచ్చక ఈ భావమును గూడ ఎదుర్కొనవలసి వచ్చెను.

1882లో షోలాపురమున జనించిన వాల్‌చందు కుటుంబవృత్తి వడ్డీవ్యాపారము, ప్రత్తి వర్తకము. అవి రుచింపక ఆయన లక్ష్మణరావు ఫాటక్ అను మాజీ రైల్వే గుమాస్తాతో భాగస్వామియై బార్శీ లైట్ రైల్వే పనిని గుత్తకు తీసికొనెను. ఒకరికి మూలధనము, ఒకరికి రైల్వేపని యెరుక. ఈ రెండింటి చేరికయే తరువాతి మహాసంస్థకు విత్తనము. పిమ్మట టాటా కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఆయన ముఖ్యపాత్ర వహించెను. బొంబాయి–పూనా రైలుమార్గమున సహ్యాద్రిని తొలిచిన భోర్ ఘాట్ సొరంగముల పని ఆయన పేరును నిలిపెను. ఆ యనుభవము మీదనే హిందూస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ పుట్టినది.

ఆంధ్రులకు వాల్‌చందు క్రొత్తవాడు కాడు. 1919లో నరోత్తమ్ మొరార్జీ ప్రభృతులతో కలిసి ఆయన నెలకొల్పిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీయే విశాఖపట్టణమున ఓడల కర్మాగారమునకు మూలము. 1941 జూన్ 21న దానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ అచట నిర్మితమైన "జల ఉష" నౌకను సముద్రమున ప్రవేశపెట్టిరి. అయితే వాల్‌చందును ఋషిగా చిత్రించుట సత్యము కాదు. ఆయన గడించిన ధనములో విశేషభాగము నాటి పరప్రభుత్వపు గుత్తలనుండి వచ్చినదే. దేశాభిమానమును లాభాపేక్షయు ఒక్క బండికి కట్టిన రెండెడ్లవలె ఆయన జీవితమున నడచినవి. ఆ బండి మనకు వలసిన చోటికి పోయినంతకాలము జాతీయవాదులు దానిని మెచ్చిరి; దారి తప్పినపుడు మందలించుట గూడ వారి ధర్మమే.

స్వాతంత్ర్యానంతరము ఈ కంపెనీ కట్టిన పనులను వరుసగా చెప్పుకొన్నచో దేశపటమును చదివినట్లుండును. 1950 దశకమున బొంబాయి నగరమునకు త్రాగునీరు సమకూర్చు వైతరణ ఆనకట్ట. వంగదేశమున గంగపై, సుమారు రెండుంబావు కిలోమీటర్ల పొడవున, 1975లో పనిలోనికి వచ్చిన ఫరక్కా బ్యారేజి. కేరళమున పెరియారునదిపై 1976లో ప్రారంభింపబడిన ఇడుక్కి ఆనకట్ట. కూడంకుళమున అణువిద్యుత్కేంద్రపు కట్టడములు. ఇట్లు చెప్పదగినవి పెక్కు గలవు. ఇడుక్కి విషయము ప్రత్యేకముగా గమనింపదగినది. సామాన్యమైన ఆనకట్ట తన బరువుచే నీటిని ఆపును. ఇడుక్కి ఆనకట్ట యట్లు కాదు. కురవన్, కురత్తి యను రెండు కొండల నడుమ సుమారు 169 మీటర్ల యెత్తున అది అడ్డముగను, నిలువుగను వంగి నిలిచి, నీటి యొత్తిడిని ఆ కొండలపైకే నెట్టివేయును. నీరు ఎంత త్రోసిన అంత గట్టిగా అది కొండలను పట్టుకొనును. రూపకల్పనలో కెనడావారి సాహాయ్యము లభించినది. కాని అడవిలో ఆ కాంక్రీటును పొరపొరగా పోసి, చల్లార్చి, వంపు తప్పకుండ నిలిపినది మనవారే.

మన గోదావరి వంతెన కథయు నిట్టిదే. 1900నాటి పాత వంతెన వృద్ధాప్యము పొందగా, దానికి బదులుగా 1991లో నూతనవంతెన పని మొదలై 1997నాటికి రైళ్లు నడచినవి. ఒక్కొక్కటి సుమారు తొంబదియేడున్నర మీటర్ల వెడల్పుగల 28 ఖానాలు. ఖానా ఖానాకు రెండేసి కాంక్రీటు విల్లులు. ఆ విల్లులనుండి వ్రేలాడు బలమైన త్రాళ్లపై రైలుబాట. వరదలో తాటిచెట్లను పెల్లగించుకొనిపోవు నదిలో, ఏటికి కొన్ని నెలలు మాత్రమే పని సాగు చోట, నూతి పునాదులు దింపి ఈ నిర్మాణమును నిలుపుట సామాన్యకార్యము కాదు. దీని రూపకల్పన స్విట్జర్లండువారిది. పరుల విద్యను గ్రహించుట స్వదేశీవ్రతమునకు భంగము కాదు. గ్రహించిన విద్య మనవారి చేతులలో నిలువకపోవుటయే భంగము.

ఆ విద్య ఎట్లు నిలుచుచున్నదో హిమాలయ సొరంగములు సాక్ష్యము చెప్పును. బనిహాల్–ఖాజీగుండ్‌ల నడుమ పీర్ పంజాల్ పర్వతమును తొలిచిన రైలుసొరంగము 11 కిలోమీటర్లకు పైబడినది. 2013 జూన్ 26న అది ప్రారంభమైనది. అచటి శిల యేకరూపమైనది కాదు; ఒకచోట గట్టిరాయి, వేరొకచోట నీరూరు మెత్తని పొర. తొలిచిన వెంటనే కాంక్రీటును పిచికారీ చేసి, ఇనుపకడ్డీలను లోనికి దిగగొట్టి, కొండ యెంత కదలినదో దినదినము కొలుచుచు ముందునకు సాగవలెను. 2018 మేలో జాతికి అంకితమైన కిషన్‌గంగ విద్యుత్పథకమున ఇంచుమించు 23 కిలోమీటర్ల నీటిసొరంగమును, అదే సంవత్సరము డిసెంబరు 25న తెరువబడిన బోగీబీల్ బ్రహ్మపుత్ర వంతెనపై భాగమును నిర్మించుటలో ఈ కంపెనీ పాల్గొన్నది. ఈ నైపుణ్యము పుస్తకములలో దొరకదు. అది ముప్పదియేండ్లు సొరంగములలో తిరిగిన ఫోర్‌మను చెవిలో నుండును. రాతి చప్పుడు మారగానే పని ఆపుమని చెప్పు మేస్త్రీ చేతిలో నుండును. కంపెనీ కూలిన నాడు యంత్రములను వేలము వేయవచ్చును. ఆ చెవిని, ఆ చేతిని వేలములో కొనలేము. అవి చెదరిపోవును.

ఇంతటి సంస్థ గడచిన పదునైదేండ్లుగా అప్పులతో పెనగులాడుచున్నది. 2012లో బ్యాంకులు దాని ఋణముల గడువులను సవరింపవలసి వచ్చెను. 2022లో ఋణములో కొంతభాగమును, ప్రభుత్వ సంస్థలనుండి రావలసిన సొమ్ముపై హక్కును కలిపి వేరొక కంపెనీకి మార్చి ఊపిరి పీల్చుకొనవలసి వచ్చెను. ఈ దుఃస్థితికి కారణములు రెండు. ఒకటి ప్రభుత్వము చేసినది; రెండవది కంపెనీ తనంతట తాను కొనితెచ్చుకొన్నది. రెండింటిని దాచక చెప్పుటయే న్యాయము.

మొదటిదానికి బాంద్రా–వర్లీ సముద్రసేతువు చక్కని దృష్టాంతము. బొంబాయి కడలిపై 5.6 కిలోమీటర్ల యీ మార్గపు పని 2000లో మొదలై 2004నాటికి ముగియవలసి యుండెను. 2009 జూన్ 30న గాని తెరువబడలేదు. దాదాపు 660 కోట్ల రూపాయల యంచనా తుదకు 1,600 కోట్లకు చేరెను. పని నడుమ రూపకల్పన మారినది. మత్స్యకారుల యాక్షేపణలు, న్యాయస్థానములలో వ్యాజ్యములు అడ్డువచ్చినవి. ఇట్టి మార్పు వచ్చినపుడెల్ల గుత్తదారు "అదనపు పనికి అదనపు సొమ్ము" అడుగును. కట్టించువారు "ఒడంబడికలో లేదు" అందురు. సరిగా అట్టి తగవులు దేశమంతట ప్రతి మహానిర్మాణమునకును నీడవలె వెంటనంటుచున్నవి. భూసేకరణ పూర్తిగాక, అటవీ యనుమతులు రాక, శిలాపరీక్ష సమగ్రముగా జరుగక టెండరు పిలుచుట మన కార్యాలయములకు వాడుకయైనది. శంకుస్థాపనకు ముహూర్తము తప్పదు. భూమి చేతికివచ్చుట మాత్రము తప్పును.

ఆ తగవు మధ్యవర్తులకడకు పోవును. అచట గుత్తదారు నెగ్గెననుకొందము. అతని చేతికి సొమ్ము వచ్చునా? 1996నాటి మధ్యవర్తిత్వ చట్టము క్రింద, ఓడినవాడు తీర్పును సవాలుచేయుచు కోర్టులో ఒక్క అర్జీ పడవైచిన చాలును. తీర్పు తనంతట తానే నిలిచిపోవుచుండెను. 2015లో చట్టమును సవరించి ఈ దోషమును తొలగించిరి. ఆ సవరణ అప్పటికే కోర్టులలోనున్న వ్యవహారములకును వర్తించునని 2018లో సుప్రీంకోర్టు తీర్మానించెను. అంతట 2019లో పార్లమెంటు 87వ సెక్షనును చేర్చి పాత జాడ్యమునే తిరిగి ప్రవేశపెట్టెను! దానిని సవాలుచేసిన పిటిషనరులలో హిందూస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీయే మొదటిది. 2019 నవంబరు 27న జస్టిస్ రోహింటన్ నారీమన్ ప్రభృతుల ధర్మాసనము ఆ సెక్షను సమానత్వపు హక్కునకు విరుద్ధమని కొట్టివేసెను. నెగ్గినవాడు ఋణదాతలకు జవాబు చెప్పుకొనలేక 2016నాటి దివాలా చట్టము క్రింద ఉరిత్రాటికి మెడనొగ్గుచుండగా, ఓడినవాడు ప్రభుత్వపు గొడుగుక్రింద నిశ్చింతగా కూర్చుండుటలోని యన్యాయము ఆ వ్యాజ్యమున బయల్పడినది.

పాఠకులలో వ్యవసాయదారులు పెక్కురు. కోతకూలీలకు పంట యింటికి వచ్చిన పిమ్మట కూలి యియ్యక, "పెద్దమనుషులు చెప్పినను ఒప్పను, కోర్టు చెప్పినను పైకోర్టునకు పోవుదును" అను ఆసామిని గ్రామమున ఏమందురు? మరుసటి యేడు అతని చేనిలో కొడవలి పట్టువాడుండడు. ఉండినను, రాబోవు జాప్యమును లెక్కించి ముందే ఇబ్బడి కూలి యడుగును. ప్రభుత్వమునకును ఇదియే జరుగుచున్నది. పదేండ్లు ఆపిన సొమ్మునకు వడ్డీ పెరుగును. ఆ వడ్డీ ఏ యధికారి జీతములోను కోతపడదు, ప్రజల పన్నులలోనే పడును. ధర్మముగా పనిచేయు పాతసంస్థలు చితికిపోగా, పలుకుబడిచే బిల్లులు రాబట్టుకొనగలవారే రంగమున మిగులుదురు. వేళకు చెల్లింపకుండుట లంచమునకు పెద్దద్వారము.

దీనికి ప్రత్యుత్తరముగా అధికారులు చెప్పునది యొకటున్నది. అది త్రోసివేయదగినది కాదు. గుత్తదారులందరును సత్యసంధులు కారు. తక్కువ ధరకు టెండరు దక్కించుకొని, పిదప లేనిపోని కోరికలతో లోటు పూడ్చుకొనువారు గలరు. ప్రజాధనమును కాపాడుటకు మేము తీర్పులను సవాలుచేయవలసి వచ్చుచున్నదని వారందురు. నిజమే. కాని ప్రతి తీర్పును, తగినదో తగనిదో చూడక సవాలుచేయుట కాపాడుట కాదు, బాధ్యతనుండి తప్పించుకొనుట. చెల్లించిన యధికారిని ఆడిటువారు, నిఘావారు ప్రశ్నింతురు. చెల్లింపని యధికారిని ఎవ్వరును ప్రశ్నింపరు. ఈ భయమున్నంతకాలము కాగితము ఒక బల్లనుండి వేరొక బల్లకు తిరుగుచునే యుండును.

ప్రభుత్వము ఈ రోగమును గుర్తింపకపోలేదు. నెగ్గిన తీర్పులోని సొమ్ములో నూటికి 75 పాళ్లు బ్యాంకు హామీపై ముందుగా చెల్లింపవలెనని 2016 ఆగస్టు 31న కేంద్ర మంత్రివర్గము నిర్ణయించెను. అది మంచిమార్గమే. 2023లో వచ్చిన రాజీపథకమో, మధ్యవర్తి తీర్పు నెగ్గినవానికి గరిష్ఠముగా నూటికి 65 రూపాయలిచ్చి చేతులు దులుపుకొనుటకు ఏర్పడినది. అనగా న్యాయము గెలిచినవాడు ఆకలిచే నూటికి 35 రూపాయలు వదలుకొనవలెను! 2024 జూన్ 3వ తేదీనాటి ఆర్థికశాఖ సూచనలు అంతకంటె ఆశ్చర్యకరములు: పది కోట్లకు మించిన తగవులకు మధ్యవర్తిత్వము సామాన్యముగా తగదనియు, సామరస్యము కుదరనిచో కోర్టులకే పోవలెననియు వాని సారము. మందు చేదుగానున్నదని వైద్యుని వీధిలోనికి నెట్టుటవలె నున్నది. సివిలు కోర్టులలో వ్యాజ్యము వేసినవాని మనుమడు తీర్పు వినుట మన దేశమున వింత కాదు.

ఇక కంపెనీ తనంతట కొనితెచ్చుకొన్న కష్టము. పూనా సమీపమున సహ్యాద్రులలో ఇటలీ పట్టణముల పోలికతో లవాసా యను నూతన నగరమును సుమారు 25,000 యెకరములలో నిర్మింపబూని ఇది తన శక్తికి మించిన ఋణభారమును తలకెత్తుకొన్నది. ఆ నగరము ముల్షీ తాలూకా పరిసరములలోనిది. అచట 1921లో టాటావారి ఆనకట్ట క్రింద మునిగిపోవు భూములకై రైతులు సత్యాగ్రహము చేసిరి. సేనాపతి బాపట్ వారికి నాయకుడై కారాగారమునకు పోయిరి. అట్టి నేలపై విలాసనగరము కట్టదలచినవారు భూమి ధర్మమును తక్కినవారికంటె ఎక్కువగా విచారింపవలసి యుండెను. 2010 నవంబరులో కేంద్ర పర్యావరణశాఖ పనిని ఆపించెను. అమ్మకములు నిలిచినవి, అప్పులు పెరిగినవి. 2018లో ఆ యనుబంధసంస్థ దివాలా విచారణకు పోయెను. ఇతరులకు ఆనకట్టలు, వంతెనలు కట్టియిచ్చుట వేరు. భూమిని కొని, నగరము కట్టి, దాని విలువ పెరుగునని జూదమాడుట వేరు. మొదటిది విద్య, రెండవది సట్టా. ప్రభుత్వము సొమ్మాపుటచే చిక్కిన దేహము ఈ భారమును మోయజాలకపోయినది. కంపెనీ కష్టములన్నింటికిని ప్రభుత్వమే కారణమనువారు ఈ యధ్యాయమును మరువరాదు.

కంపెనీకిని ప్రభుత్వమునకును నడుమ మూడవవాడొకడున్నాడు. ఇద్దరి లెక్కలలోను అతని పేరు కానరాదు. అతడే కూలి. దేశమున ఎచట ఆనకట్ట కట్టుచున్నను, ఎచట కొండ తొలుచుచున్నను పాలమూరు కూలీల గుడిసెలు కనబడుట తరతరముల సంగతి. పెద్ద కంపెనీకి బిల్లు ఆగినచో అది ఉపగుత్తదారునకు ఆపును. అతడు మేస్త్రీకి ఆపును. మేస్త్రీ కూలికి ఎగవేయును. పై మెట్టున ఆరునెలల జాప్యము క్రింది మెట్టున ఆకలియై పరిణమించును. 1996 చట్టములచే నిర్మాణవ్యయముపై నూటికి ఒక రూపాయ చొప్పున సెస్సు వసూలుచేసి కార్మికుల సంక్షేమమునకు వినియోగింప నిర్ణయించిరి. వసూలైన వేలకోట్లు వ్యయముకాక మూలుగుచున్నవని 2018లో సుప్రీంకోర్టు తీవ్రముగా ఆక్షేపించెను. 2025 ఫిబ్రవరి 22న మన నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంటకడ శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగపు పైకప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకొనిరి. అది ఈ కంపెనీ పని కాదు. కాని సొరంగమునకు కంపెనీ భేదము తెలియదు. దశాబ్దములుగా సాగుచు ఆగుచు నడచిన పనిలో వారు బలియైరి. జాప్యమునకు పరిహారము రూపాయలలో మాత్రమే చెల్లింపబడదని దీనిచే తెలియుచున్నది.

పని నడుమ చేతులు మారుట గూడ ఎట్టి యనర్థము తెచ్చునో పోలవరము చెప్పుచున్నది. 2019లో అచట గుత్తదారు మారెను. 2020నాటి వరదలకు డయాఫ్రం గోడ దెబ్బతిన్నట్లు పిమ్మట తేలెను. తప్పు పాతవారిదా, క్రొత్తవారిదా, ప్రభుత్వములదా యను వాదము సాగుచుండగనే 2025 జనవరిలో క్రొత్తగోడ పని మొదలుపెట్టవలసి వచ్చెను. ఏ పక్షమువారిది తప్పైనను, నీటికై చూచు రైతునకు పోయిన సంవత్సరములు తిరిగిరావు. కట్టువాని విద్యయు, కట్టించువాని నిలుకడయు జతగూడనిదే గోడ నిలువదు.

కావున మేము కోరునవి కొలదిమాటలలో చెప్పుదుము. భూమి చేతికి రాక, శిలాపరీక్ష ముగియక, అనుమతులు పొందక టెండరు పిలువరాదు. కేవలము తక్కువ ధరయే కొలబద్దగాక, పూర్వము చేసిన పనియు, కూలీలకు కూలి ముట్టజెప్పిన రీతియు పరిగణింపబడవలెను. తగవుపడని సొమ్ము నియమిత దినములలో చెల్లింపబడవలెను. తగవుపడిన సొమ్మునకు 75 పాళ్ల నియమము కాగితముపై గాక ఖజానాలో అమలుజరుగవలెను. సత్బుద్ధితో వ్రాతపూర్వకముగా నిర్ణయము తీసికొన్న యధికారికి చట్టము రక్షణ నీయవలెను. కారణము చూపక సవాలుచేసి ఓడినచో, పెరిగిన వడ్డీ యెంతయో శాసనసభ యెదుట ఏటేట ఉంచవలెను. ప్రతి బిల్లుతోపాటు కూలీల పట్టీయు చేర్చబడవలెను. అది లేని బిల్లు చెల్లరాదు. కంపెనీలకును ఒకమాట: ప్రజల పనిమీద పెరిగిన బలమును భూమి జూదమున పోగొట్టుకొనిన పిమ్మట ప్రజలనుండి జాలిని కోరుటకు వారికి హక్కులేదు.

ఈ నియమములు మన రెండు రాష్ట్రములకును సమానముగా వర్తించును. కాలువలపనుల బిల్లుల బకాయిలు ఇచటను పాతకథయే. ఏ పక్షము అధికారమునకు వచ్చినను, వెనుకటివారి పనులకు సొమ్మాపుట, తమ పనులకు శిలాఫలకములు వేయుట ఆనవాయితీగా మారినది. శిలాఫలకముపై మంత్రుల పేర్లుండును. కట్టినవారి పేరును ఉండవలెనని మేమనము. వారి కూలి వేళకు ముట్టినదని ప్రజలు నమ్మగలిగిన నాడే ఆ ఫలకము గౌరవమునకు తగినదగును.